ఖాళీ కాని డబ్బా

షెడ్డు తలుపులు తెరిచే ముందు దేవసహాయం రోజూ ఒక పని చేసేవాడు. వెనకవైపు కొబ్బరిచెట్ల కిందికి వెళ్లి, అక్కడ నెలల తరబడి పడి ఉన్న తెల్ల వ్యాను తలుపు లాగి, డ్రైవరు సీట్లో కూర్చుని, బ్రేకు మీద కుడికాలు పెట్టి ఒక్కసారి గట్టిగా తొక్కేవాడు.

"గట్టిగానే ఉంది," అనేవాడు పైకే. తర్వాత, అక్కడ లేని మనిషిని ఉద్దేశించి, "దొంగ వెధవ," అనేవాడు. దిగి తలుపు వేసేవాడు. ఆ తతంగం అయితేగాని అతనికి పొద్దుటి టీ గొంతు దిగేది కాదు.

ఆ వ్యాను రెండో వరసలో, కిటికీ పక్క సీట్లో, అతని అక్క చిన్నమ్మలు చనిపోయింది. ఫిబ్రవరిలో చర్చి పాటల బృందం మారేడుమిల్లి పిక్నిక్కుకి వెళ్లి ఘాటు దిగుతుంటే బండి కొండని గుద్దింది. మిగతావాళ్లు దెబ్బలతో బయటపడ్డారు. బ్రేకు పడలేదని డ్రైవరు ధర్మరాజు మొత్తుకున్నాడు. మర్నాడు బ్రేకు ఇనస్పెక్టరు వచ్చి తొక్కి చూస్తే పెడలు రాయిలా ఉంది. వారం తర్వాత దేవసహాయం తొక్కి చూసినా రాయిలాగే ఉంది. పోలీసులు వదిలాక ఓనరు ఆ బండిని గుమ్మంలోకి రానివ్వనని ఈ చెట్ల కింద దింపించి వెళ్లిపోయాడు. ఎనిమిది నెలల్లో దాని చుట్టూ తీగలు పాకాయి, అద్దాల మీద నాచు పట్టింది, టైర్లు బురదలో కూరుకుపోయాయి. పెడలు మాత్రం ఏమీ ఎరగనట్టు రోజూ పొద్దున్నే అతని కాలికి ఎదురు నిలిచేది.

ఆ సోమవారం కూడా నిలిచింది. గురువారం కోర్టు. ప్రయాణానికి నాలుగు రోజుల ముందు ఆ వ్యాను బ్రేకులు బాగుచేసిన మేస్త్రీగా దేవసహాయం సాక్ష్యం చెప్పాలి. చెప్పాల్సినవి రెండే ముక్కలు: బ్రేకులు బాగున్నాయి, తప్పు డ్రైవరుది. ఎనిమిది నెలలుగా ఆ రెండు ముక్కలూ నోట్లో పెట్టుకుని తిరుగుతున్నాడు మనిషి.

పదిగంటలకి కొత్తపేట నుంచి సాయిదుర్గాప్రసాద్ వచ్చాడు. కొబ్బరి వ్యాపారం చేసే ఇంటి కుర్రాడు, ముప్పై దాటలేదు, నెమ్మదస్తుడు. అతనికున్న ఒకే ఒక్క పిచ్చి నీలం రంగు కారు. ఏడాదికి మూడు నాలుగుసార్లు దాన్ని కోయంబత్తూరు దగ్గర ట్రాకుకి తీసుకెళ్లి, డబ్బు కట్టి, రోజంతా గుండ్రంగా తిప్పి ఇంటికి తెచ్చుకుంటాడు. "గానుగెద్దు కూడా అలాగే తిరుగుద్ది, అక్కడ నూనైనా వస్తది," అంటుంది వాళ్లమ్మ మంగాయమ్మ. ఈసారి ఆ కారు తన చక్రాల మీద రాలేదు, లారీ ఎక్కి వచ్చింది. ముందు నిమ్మకాయలూ మిరపకాయలూ వేలాడుతున్నాయి. నాలుగు చక్రాలకీ పసుపు కుంకాలు.

"ఏంటండి బాబూ, కారుని పెళ్లికూతుర్ని చేసి తెచ్చేరు?" అన్నాడు దేవసహాయం.

"అమ్మ కట్టిందండి. మామూలుగా అయితే కట్టనివ్వను. ఈసారి ఊరుకున్నాను." సాయి నవ్వలేదు. "దీంతో ఏదో ఉందండి సహాయం గారూ."

"ఏం ఉంటదండీ? ఇంజనుంటది, నాలుగు చక్రాలుంటాయి."

"ఐదు రౌండ్లు బానే తిరిగిందండి. ఆరో రౌండులో తిన్నగా ఉన్న రోడ్డు చివర, నూట డెబ్బై మీదున్నాను, బ్రేకు మీద కాలేసేను. కాలు అలా వెళ్లిపోయిందండి, నేల దాకా. మెట్లు దిగేటప్పుడు ఇంకో మెట్టుందనుకుని కాలేస్తే కింద మెట్టు లేనట్టుందండీ."

దేవసహాయం చేతిలోని పానా ఆగిపోయింది.

ఆ మాట అతను అంతకుముందు విన్నాడు. అచ్చంగా అదే మాట. ఏజెన్సీ ఆసుపత్రి వరండాలో, తలకి కట్టుతో గోడకి చేరబడి కూర్చున్న ధర్మరాజు, "కింద మెట్టు లేనట్టుందండి మేస్త్రీ గారూ," అన్నాడు. ఆ మాటకే దేవసహాయం వాడి చెంప పగలగొట్టాడు. సాయీ ధర్మరాజూ ఒకరి మొహం ఒకరు చూసి ఎరగరు.

"తర్వాతేంటండి?" అన్నాడు దేవసహాయం.

"పక్కనున్న ఇసకలోకి పోనిచ్చి, పాత టైర్లకి గుద్ది ఆపేను. ఆయుష్షుంది. వాళ్లు పరిగెత్తుకొచ్చి, నీళ్లిచ్చి, కాసేపు కూర్చోబెట్టి, తర్వాత పెడలు తొక్కి చూసేరు. గట్టిగా ఉందండి! నేను తొక్కేను, గట్టిగానే ఉంది. అందరూ ఒకళ్ల మొహాలు ఒకళ్లు చూసుకుని నవ్వుకున్నారు."

దేవసహాయం కారుని లేపి చక్రాలు విప్పాడు. పైపులు తడిమాడు, ఎక్కడా చుక్క కారలేదు. ప్యాడ్లు అతనే వేసినవి, సగం కూడా అరగలేదు. లోపల కూర్చుని పెడలు తొక్కాడు.

"గట్టిగానే ఉందండి," అన్నాడు. అన్నాక వెనక్కి తిరిగి చెట్ల వైపు చూశాడు, ఎవరో అక్కడి నుంచే ఆ మాట అన్నట్టనిపించి. ముసురులో వ్యాను మొహం మాత్రమే కనిపిస్తోంది.

"భయంలో ఒక్కోసారి అలాగే అవుద్ది బాబూ. కాలు తొక్కేననుకుంటది, తొక్కదు."

"అక్కడా అదే అన్నారండి," అన్నాడు సాయి మెల్లిగా. "నాలుగు రోజులుగా నాక్కూడా అదే అనుమానంగా ఉంది. తొక్కేనా, లేదా? మంచం మీద పడుకుని కూడా కాలు ఆడించి చూసుకుంటున్నాను. పిచ్చెక్కిపోతోందండి బాబూ."

*

మంగళవారం సాయి మూడు సీసాలు పట్టుకొచ్చి బల్ల మీద వరసగా పెట్టాడు. కోయంబత్తూరులో ఒకాయన బ్రేక్ ఆయిల్ మార్చి చూడమన్నాడట. ఏది కొనాలో తెలీక మూడు రకాలూ తెప్పించాడు.

"ఇది డాట్ ఫైవ్ అండి. ఐదు కదా, అన్నిటికన్నా పెద్దది. ఇదే పోద్దామా?"

దేవసహాయానికి ఈ అంకెల గోల మొదట్నుంచీ గిట్టదు. ఆయిలంటే ఆయిలే. అతనికి ఉన్నది ఒక్కటే డబ్బా, కాలవ వైపు కిటికీ పక్కన, అలమార మీద. ఐదు లీటర్ల రేకు డబ్బా. పదకొండేళ్ల కిందట షెడ్డు తెరిచిన రోజున పాస్టరు గారు వచ్చి, అందులో మొదటి సీసా బ్రేక్ ఆయిలు పోయించి, ఈ షెడ్డులో డబ్బా ఎన్నడూ ఖాళీ కాకూడదని ప్రార్థన చేశారు. దేవసహాయం ఆ ప్రార్థనని చేతల్లో నిలబెట్టాడు. ఏ బండికి ఏ సీసా తెరిచినా మిగిలింది ఆ డబ్బాలో పోస్తాడు. సగానికి తగ్గనివ్వడు, పారబోయడు, మూత పైపైన పెడతాడు. చేతికి అందుబాటులో ఉండాలి కదా! చర్చివాళ్ల బళ్లకీ బాగా కావలసినవాళ్ల బళ్లకీ అందులోంచే పోస్తాడు. దాని పేరే దీవెన డబ్బా. సాయి ట్రాకుకి వెళ్లే ముందు ఓ ఖరీదైన సీసా తెస్తే, "అది దాచుకోండి బాబూ, మన డబ్బాలోది పోస్తాను, చల్లగా తిరిగొస్తారు," అన్నాడు. సాయి సంతోషంగా సరేనన్నాడు.

మధ్యాహ్నం కూతురు హేమ కాలేజీ నుంచి క్యారియరు తెచ్చింది. జూనియరు కాలేజీలో కెమిస్ట్రీ చెబుతుంది. కళ్లజోడు పైకి తోసుకుని మూడు సీసాల మీదా ఉన్న చిన్న అక్షరాలు చదివింది. పిల్లకి అదొక జబ్బు, మందు డబ్బా నుంచి అగ్గిపెట్టె దాకా ఏదీ చదవకుండా వదలదు.

"డాట్ ఫైవ్ వద్దండి సాయి గారూ. అంకె పెద్దదైతే మంచిదని కాదు. ఇది సిలికాన్, జాతే వేరు. మీ కారులో ఉన్నదాంతో కలవదు. కలిస్తే చెడిపోతుంది. పైగా చక్రాలు జారకుండా కాపాడే కంప్యూటరు బ్రేకులకి ఇది పడదని రాశారు."

"మరి ఈ ఫైవ్ పాయింట్ వన్ అండి?"

"ఇది వేరే, ఇది మామూలు జాతే. రెండొందల అరవై డిగ్రీల దాకా మరగదట. రోజూ తిరిగే బండికి మంచిది. ఈ మూడోది రేసులవాళ్లు వాడే డాట్ ఫోర్. మూడొందల పైన మరుగుతుంది. మీకు ట్రాకు మీద కావలసింది ఇదే. అయితే ఒక షరతుంది." ఆమె సీసా తిప్పి పట్టుకుంది. "ఇలాంటివన్నీ గాల్లో నీటిని పీల్చుకుంటాయట. సీలు తీసిన రోజే వాడెయ్యాలి, మిగిలింది పారబోయాలి. ప్రతి ట్రాకు రోజుకీ ముందు కొత్తది మార్చాలి."

"నూనె నీళ్లు తాగడమేంటే?" అన్నాడు దేవసహాయం.

"వానాకాలం అమ్మ ఉప్పు జాడీ చూడలేదా డాడీ? మూతేసినా కారిపోతుంది. మన ఊళ్లో అప్పడం పూటకే మెత్తబడిపోతుంది. ఇదీ అంతే, పేరుకి నూనె. నీళ్లు తాగితే మరిగే వేడి సగానికి దిగిపోతుంది. మరిగిందంటే లోపల ఆవిరి. ఆయిల్ని నొక్కితే నొక్కుకోదు, ఆవిరిని నొక్కితే నొక్కుకుపోతుంది, పెడలు నేలకి పోతుంది." ఆగి, మామూలుగానే అంది: "చల్లారితే ఆవిరి మళ్లీ నీరైపోతుంది. పెడలు మళ్లీ గట్టిపడుతుంది. ఎవరొచ్చి చూసినా ఆనవాలుండదు."

సాయి ఎగిరి గంతేశాడు. "అంటే నేను తొక్కేనండీ! నేను తొక్కేను!"

కాలవ మీంచి తడిగాలి వచ్చి డబ్బా మూతని కొంచెం కదిపింది. టిక్కుమంది. రోజూ వినే చప్పుడే, పదకొండేళ్లుగా వింటున్నదే. ఇప్పుడు మాత్రం ఆ డబ్బా గుటక వేస్తున్నట్టే ఉంది దేవసహాయానికి.

"హేమా," అన్నాడు కాసేపటికి, "మీ కాలేజీలో వేడి కొలిచే గాజుపుల్ల ఉంటదా?"

*

బుధవారం పొద్దున అతను వ్యాను ఎక్కలేదు. ముందు బానెట్టు లేపి, బ్రేక్ ఆయిల్ ఉండే చిన్న గిన్నె మూత తీసి, అందులోంచి కొంచెం సిరంజితో లాగాడు. టీ డికాక్షనులా నల్లగా వచ్చింది. ఫిబ్రవరిలో తన చేత్తో పోసిన ఆయిలు. ఎక్కడి నుంచి పోశాడో ఎవరూ అడగలేదు, అడిగినా డబ్బా వైపు గర్వంగానే చూపించేవాడు. అక్క వెళ్తున్న బండి కదా, దీవెన డబ్బాలోది కాక ఇంకేది పోస్తాడు?

హేమ స్పిరిటు దీపం వెలిగించి, గాజుగొట్టంలో ముందు సీలు తీసిన కొత్త ఆయిలు కాచింది. పాదరసం నూట యాభై దాటింది, రెండొందలు దాటింది, రెండొందల యాభై దాటినా గొట్టం కిక్కురుమనలేదు. తర్వాత డబ్బాలోది పోసింది. భార్య సుందరి టీ గ్లాసులు పట్టుకుని గుమ్మంలో నిలబడి చూస్తోంది.

నూట నలభై ఐదు దగ్గర గొట్టం అడుగునుంచి ఒక బుడగ లేచింది. దాని వెనక ఇంకోటి. తర్వాత మొత్తం గుడగుడలాడి నురగ కట్టింది.

వ్యానులోది నూట నలభైకే మరిగింది.

"చాలు డాడీ, ఆపేద్దాం," అంది హేమ. ఆమెకి అప్పుడే అర్థమైంది, తండ్రి సాయి కారు కోసం చూడటం లేదని.

దీపం ఆర్పగానే బుడగలు ఒక్కొక్కటే తగ్గాయి. రెండు నిమిషాల్లో గొట్టంలో ఆయిలు నిశ్చలంగా, నిర్దోషిలా నిలబడింది. దేవసహాయం దాన్ని చేతిలోకి తీసుకుని వెలుతురుకి పట్టి చూశాడు. ఏమీ లేదు. ఎంత చూసినా ఏమీ లేదు.

"ఏవండీ," అంది సుందరి, "ఈ బండి ఎనిమిది నెలలుగా వానలో నానుతోంది. అప్పుడే నీళ్లు తాగిందో, ఇక్కడికొచ్చేక తాగిందో ఎవరు చెప్పగలరండీ? లాయరు కూడా చెప్పలేడు."

"ఆయ్. చెప్పలేడు."

"మరి మీరెందుకు నెత్తినేసుకుంటారు? రేపు మీరు నోరు తెరిస్తే షెడ్డు మూతపడిపోద్ది. జైలంటారేమో కూడా. మన వదిన తిరిగొస్తాదా?"

తప్పించుకోవడానికి దారి ఉంది. భార్య నోటితోనే దొరికింది. దేవసహాయం ఆ దారిలో కొంతదూరం నడిచి చూశాడు కూడా. వానలు జూన్లో మొదలయ్యాయి, బండి తలుపులు సరిగ్గా పడవు, గిన్నె మూత వదులు, అవును, ఇక్కడికొచ్చాకే తాగి ఉంటుంది. అంతవరకూ బాగానే నడిచింది. ఆ దారి చివర మాత్రం నీలం కారు నిలబడి ఉంది. దాన్లో ఆయిలు పోసి ఆరు రోజులు కాకముందే ట్రాకు మీద పెడలు జారిపోయింది. ఆ కారు వానలో నానలేదు. నీళ్లు డబ్బాలోనే ఉన్నాయి, ఆ డబ్బా పదకొండేళ్లలో ఒక్కనాడూ ఖాళీ కాలేదు, కొత్తది ఎంత పోసినా పాతదాంట్లోనే పోశాడు.

"నేనే, సుందరీ," అన్నాడు. "నేనే చంపుకున్నాను."

సుందరి గ్లాసులు కింద పెట్టి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

సాయి వచ్చేసరికి దేవసహాయం చేతులు కడుక్కుని, చొక్కా మార్చుకుని బల్ల దగ్గర కూర్చుని ఉన్నాడు. కొత్తగా తెప్పించిన రేసుల డాట్ ఫోర్ చిన్న సీసాలు రెండు ముందున్నాయి. ఇంకా సీలు తియ్యలేదు.

"బాబూ, మీ కారులో పోసింది ఆ డబ్బాలోదండి. నీళ్లు తాగిన ఆయిలు. మీ ప్రాణం మీదకి తెచ్చింది నేనే."

సాయి అలమార మీది డబ్బా వైపు చూశాడు. "అప్పుడు నేను సీసా తెచ్చేను కదండీ," అన్నాడు. గొంతులో కోపం కంటే నొప్పి ఎక్కువగా ఉంది.

"తెచ్చేరు. నేనే వద్దన్నాను. మీరు రెండు తిట్లు తిట్టినా పడతాను. కానీ ఆయిలు ఇవాళ మార్చొద్దండి. ఈ కారు ఇలాగే ఒక్క పూట నాకు కావాలి. ఒక మనిషి దీని బ్రేకు తొక్కాలి."

*

ధర్మరాజు రాజోలు అవతల ఒక కొబ్బరి కళ్లంలో కాయలు ఒలుస్తున్నాడు. నేలలో పాతిన ఇనుప మొన మీద కాయని గుచ్చి, రెండు చేతులా తిప్పి పీచు చీలుస్తున్నాడు. నలభై ఏళ్లు లేవు, జుట్టు నెరిసిపోయింది. ఒక్కో కాయ ఒలిచాక కుడికాలు ముందుకు జరిపి నేలని ఒకసారి అదుముతున్నాడు. కాయ, కాలు. కాయ, కాలు. అక్కడ అరికాలు మేర గుంట పడి, గుంటలో వాననీరు నిలిచింది. పక్కన పనిచేసేవాళ్లు అలవాటు పడిపోయారేమో, ఎవరూ చూడటం లేదు.

దేవసహాయాన్ని చూడగానే లేచి, తలకి చుట్టుకున్న తువ్వాలు తీశాడు.

"కొట్టడానికొచ్చేరేటండి మేస్త్రీ గారూ? రేపటిదాకా ఆగండి. నేనే ఒప్పేసుకుంటున్నాను."

"ఏం ఒప్పుకుంటావు?"

"తొక్కలేదనండి. లాయరు గారు ఒప్పేసుకోమన్నారు, శిక్ష తగ్గుద్దన్నారు. అందుక్కాదు గానీండి... ఇనస్పెక్టరు గారు తొక్కితే గట్టిగా ఉంది, మీరు తొక్కితే గట్టిగా ఉంది. ఇంతమంది చెప్తుంటే నా ఒక్కడి కాలు మాటేంటండి? తొక్కేననుకున్నాను. తొక్కలేదేమో. నా కాలే నాతో అబద్ధం చెప్పిందేమో." కుడికాలు మళ్లీ నేలని అదిమింది. అతను దాన్ని చూడనైనా చూడలేదు.

దేవసహాయం అతని చెయ్యి పట్టుకుని, "రా రాజూ," అన్నాడు. "ఒక్క గంట. నాతో రా."

ఇంకా బళ్లు వదలని కొత్త రోడ్డు ఒకటి వరిచేలకి అడ్డంగా పోతుంది. మనిషి పురుగు లేదు. సన్నగా జల్లు పడుతోంది. సాయి ఒక్కడే కారులో కూర్చున్నాడు, వీళ్లిద్దరూ రోడ్డు పక్క నిలబడ్డారు. కారు దూరంగా పోయింది, అంతలోనే అరుచుకుంటూ తిరిగొచ్చింది. వేగం, బ్రేకు. వేగం, బ్రేకు. పదో సారికో పన్నెండో సారికో చక్రాల దగ్గర్నుంచి మాడిన వాసన మొదలైంది. ధర్మరాజు ముక్కు పైకెత్తి పీల్చాడు. అతని మొహం మారిపోయింది.

"ఈ వాసనేనండి," అన్నాడు గుసగుసగా. "మూడో మలుపు దగ్గర వచ్చింది. అమ్మగార్లు పాట పాడుకుంటున్నారు."

సాయి కారు తెచ్చి వాళ్ల ముందు ఆపి, హ్యాండు బ్రేకు లాగి దిగాడు. జల్లు చుక్కలు చక్రాల మీద పడి చుయ్యిమంటున్నాయి. "మెత్తబడిందండి," అన్నాడు. అతనికీ చెమటలు పట్టాయి.

"కూర్చో రాజూ. బండి నడవదు. కదలదు. ఊరికే బ్రేకు తొక్కు."

ధర్మరాజు రానన్నాడు. చేతులు జోడించాడు. ఎనిమిది నెలలుగా అతను ఏ బండి స్టీరింగూ పట్టుకోలేదు. దేవసహాయం తలుపు తెరిచి పట్టుకుని అలాగే వానలో నిలబడ్డాడు. చివరికి ధర్మరాజు కాళ్లకున్న బురద తువ్వాలుతో తుడుచుకుని, ఆ ఖరీదైన సీటు అంచున కూర్చున్నాడు. తొక్కాడు.

పెడలు కొంచెం దిగి నిలబడింది.

"గట్టిగానే ఉందండి," అన్నాడు ధర్మరాజు, వినయంగా, తప్పు ఒప్పుకుంటున్నట్టు.

"ఆగు. గాలి తగలట్లేదు కదా, చక్రాల వేడంతా ఇప్పుడే లోపలికెక్కుద్ది."

ఆగారు. ఎవరూ దేన్నీ ముట్టుకోలేదు. నిలబడి ఉన్న కారు, పొగమంచులాంటి జల్లు, చేలల్లో కప్పల అరుపు. నిమిషం గడిచింది. రెండో నిమిషం కూడా.

"ఇప్పుడు తొక్కు."

ధర్మరాజు కాలు వేశాడు. కాలు దిగిపోయింది. ఏ అడ్డూ లేకుండా, ఏ చప్పుడూ లేకుండా, నేల దాకా. కింద ఏమీ లేదు. కదలని బండిలో, ముగ్గురు మనుషుల కళ్లెదురుగా, ఉన్న బ్రేకు లేకుండా పోయింది. అతను కాలు తీసి మళ్లీ వేశాడు. లేదు. మళ్లీ. లేదు.

"ఇదేనండి!" అని కేక పెట్టాడు. "ఇదే! మెట్టు లేదు! అయ్యబాబోయ్, నేను తొక్కేనండీ! తొక్కేనండీ నేను!" స్టీరింగు మీద తల పెట్టుకుని పసిపిల్లాడిలా ఏడ్చాడు. సాయి మొహం తిప్పుకుని కళ్లు తుడుచుకున్నాడు.

దేవసహాయం తలుపు పట్టుకునే చెప్పాడు. డబ్బా సంగతి, నీళ్ల సంగతి, వ్యానులో పోసిన సంగతి. ఏదీ దాచలేదు. "నిన్ను కొట్టేను కూడా," అన్నాడు. "ఆ చెయ్యి నా మీద పడాల్సింది."

ధర్మరాజు తిడతాడనుకున్నాడు, కాలరు పట్టుకుంటాడనుకున్నాడు. పట్టుకుంటే బాగుండుననీ అనుకున్నాడు. ధర్మరాజు మాత్రం అద్దం మీద జారే చుక్కల్ని చూస్తూ కూర్చున్నాడు.

"మీకొక మాట చెప్పలేదండి," అన్నాడు. "పోలీసులకీ చెప్పలేదు. మీకు బాధని. బ్రేకు పోయిందని నేను అరవగానే అందరూ గోల పెట్టేసేరండి. మీ అక్కగారు ఒక్కరే భయపడలేదు. ముందుకి వంగి నా భుజం మీద చెయ్యేసి, 'ఏం కాదు బాబూ, కంగారు పడకు. మా తమ్ముడు చూసిన బండి,' అన్నారు. చెయ్యి అలాగే ఉంచేరండి, చివరిదాకా."

దేవసహాయం తలుపు వదిలేసి రోడ్డు మీద కూలబడ్డాడు. "అక్కా," అన్నాడు ఒక్కసారి, గట్టిగా. చేల మీద కొంగలు లేచాయి.

అరగంట తర్వాత, వెళ్లిపోబోయే ముందు, అతనే వంగి చేత్తో ఆ పెడలు నొక్కి చూశాడు. గట్టిగా ఉంది. పొద్దున గాజుగొట్టంలో ఆయిలు ఉన్నట్టే, ఏమీ జరగనట్టే ఉంది.

"రేపు నన్ను ముందు పిలుస్తారు," అన్నాడు ధర్మరాజుతో. "నువ్వేదీ ఒప్పుకోకు."

"మీ షెడ్డో, మేస్త్రీ గారూ?"

దేవసహాయం సాయి వైపు తిరిగి, "ఇక్కణ్ణించి కారుని నడపొద్దు బాబూ, లారీ పిలవండి. ఆ సీసాలు రెండూ మీ దగ్గరే ఉంచండి. పోసేటప్పుడే సీలు తియ్యాలి. నేను లేకపోయినా ఇంకో మేస్త్రీకి ఇదే చెప్పండి, మిగిలింది దాచొద్దని చెప్పండి," అన్నాడు.

గురువారం పొద్దున అతను చెట్ల కిందికి వెళ్లలేదు. తెల్ల చొక్కా వేసుకుని, అలమార మీంచి డబ్బా దించాడు. అది ఉన్నచోట పదకొండేళ్ల గుండ్రటి మరక మిగిలింది. సుందరి ఓ పాత గుడ్డసంచి ఇచ్చింది. కోర్టులో చెప్పాల్సింది ఇప్పుడు ఒక్కటే ముక్క: తప్పు నాది. దారిలో ఒలికిపోకుండా, ఇంకాస్త తడిగాలి లోపలికి పోకుండా, డబ్బా మూత అరచేత్తో అదిమి బిగించాడు. అది అలా బిగుసుకుంటుందని కూడా అతనికి అప్పటిదాకా తెలీదు.